స్మార్ట్ హెల్మెట్ సరే, స్పానర్‌కి తాడు కట్టారా?

ఫోన్ డ్రాప్ టెస్ట్ వీడియోలంటే మనకి పిచ్చి. మీటరు ఎత్తు నుంచి పడితే గ్లాస్ పగిలిందా లేదా అన్నదే టెన్షన్. అదే బిల్డింగ్ సైట్‌లో 30 మీటర్ల పైనుంచి స్పానర్ జారితే? కిందికి చేరేసరికి దాని స్పీడ్ గంటకు దాదాపు 87 కిలోమీటర్లు. పట్టే టైమ్ రెండున్నర సెకన్లే.

ఇప్పుడు చాలామంది బీటెక్ స్టూడెంట్స్ ప్రాజెక్టుగా స్మార్ట్ హెల్మెట్ చేస్తున్నారు. తలకి దెబ్బ తగిలితే సెన్సర్ పసిగట్టి సూపర్‌వైజర్ ఫోన్‌కి అలర్ట్ పంపుతుంది. మంచి ఫీచరే, సాయం త్వరగా అందుతుంది. కానీ ఆ అలర్ట్ వచ్చేది దెబ్బ తగిలాకే కదా!

నా దృష్టిలో ఇక్కడ బెస్ట్ గ్యాడ్జెట్‌కి బ్యాటరీయే లేదు. అది టూల్ లాన్యార్డ్, అంటే స్పానర్‌ని బెల్ట్‌కి కట్టి ఉంచే చిన్న తాడు. చెయ్యి జారినా వస్తువు కిందపడదు. దాంతోపాటు పరంజా అంచుల్లో వస్తువులు దొర్లిపోకుండా అడ్డుపలకలు, కింద ఎవరూ నడవకుండా బారికేడ్లు ఉండాలి. హెల్మెట్ తప్పనిసరే, కానీ అది చివరి రక్షణ. తలని కాస్తుంది, భుజాన్ని కాదు.

మరి సెన్సర్లు దండగా? కాదు. రివర్స్‌లో వచ్చే టిప్పర్ వెనక, డ్రైవర్‌కి కనపడని చోట మనిషి ఉంటే ముందే బీప్ కొట్టే సెన్సర్ నిజంగా ప్రాణం కాపాడుతుంది. అక్కడ కూడా సైగలు చేసే మనిషి ఉండాల్సిందే.

కాబట్టి ప్రాజెక్ట్ మొదలుపెట్టే ముందు ఒక్కటి తేల్చుకోండి: మీ గ్యాడ్జెట్ దెబ్బని ఆపుతుందా, తగిలిందని చెబుతుందా?