నీ ‘కర్రీ’లు నా దగ్గర ఉడకవు!

మా ఆఫీసు కాంటీన్ బోర్డు మీద రోజూ ఒకటే మాట: కర్రీ. ఇగురా, పులుసా, వేపుడా అంటే వడ్డించేవాడికే తెలీదు. అర్థమైతే చాలు కదా అంటారా?

ఫ్రెంచివాళ్ళని చూడండి. సన్నసెగ మీద ఉడికించడాన్ని ‘మిజోతే’ అంటారు, గుట్టుగా పథకం వేయడాన్నీ అదే మాటతో అంటారు. ‘క్యారెట్లు ఉడికిపోయాయి’ అంటే ఇక ఆశ లేదని. మనమేం తక్కువ తిన్నాం? పప్పులో కాలేస్తాం, ఎదుటివాడి పప్పులు ఉడకనివ్వం, అవసరం తీరాక మనిషిని కూరలో కరివేపాకులా తీసిపారేస్తాం. ‘కర్రీ’తో ఒక్క వెటకారం పుట్టించండి చూద్దాం!

బెల్లంకొండలో మా అమ్మ ‘ఇంకాస్త ఇగరనీ’ అంటే నీళ్ళింకి నూనె తేలేదాకా ఆగాలని. ‘గ్రేవీ’లో ఆ లెక్క ఎక్కడుందండీ? మొన్న మా టీమ్ కుర్రాడొకడు దొండకాయ వేపుడుని ‘డ్రై కర్రీ’ అన్నాడు. నరసరావుపేట వాడే :(