ఢాకాకు పూసిన పసుపు

2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఎక్స్‌ట్రాక్షన్’ సినిమాలో ఢాకా నగరానికి కామెర్లు సోకినట్టుంటుంది. ఆకాశం, గోడలు, మనుషుల ముఖాలు అన్నీ పసుపే. ఏటా వానల్లో తడిసి ముద్దయ్యే డెల్టా నగరం తెర మీద ఎండి దుమ్ముకొట్టుకుపోయింది. విచిత్రం ఏమిటంటే, ఆ ‘ఢాకా’లో చాలా భాగం తీసింది అహ్మదాబాద్‌లోనూ థాయ్‌లాండ్‌లోనూ. ఊరేదైనా పూత మాత్రం ఒక్కటే.

ఈ పూతకు పాత చరిత్రే ఉంది. 2000లో స్టీవెన్ సోడర్‌బర్గ్ ‘ట్రాఫిక్’ తీశాడు. కథలు కలగలిసిపోయి ప్రేక్షకుడు తికమక పడకుండా వాటికి రంగులు కేటాయించాడు. మెక్సికో ఘట్టాలకు పొగాకు రంగు ఫిల్టర్ పెట్టి, అమెరికా జడ్జి కుటుంబం కథను చల్లటి నీలంలో ముంచాడు. కథ చెప్పడానికి అది తెలివైన ఉపాయం. తర్వాతివాళ్లు చాలామంది ఉపాయాన్ని వదిలేసి పసుపును పట్టుకున్నారు. పేద దేశం, ఎండ, ప్రమాదం అనగానే అదే ఫిల్టర్!

అదే ఏడాది కోయెన్ సోదరుల ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ వచ్చింది. కథ 1930ల ఆర్థిక మాంద్యం నాటి మిసిసిపీది. షూటింగేమో చెట్లన్నీ పచ్చగా ఉన్న వేసవిలో. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్‌కు చేత్తో రంగులద్దిన పాత పోస్టుకార్డుల తీరు కావాలి. ల్యాబ్‌లో రసాయన పద్ధతులు ప్రయత్నిస్తే కుదరలేదు. చివరికి ఫిల్మ్‌ను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఆకుపచ్చను ఏరి ఎండుగడ్డి రంగులోకి మార్చారు. సినిమా మొత్తానికీ డిజిటల్‌గా రంగులు దిద్దిన తొలి చిత్రాల్లో అదొకటి. అక్కడా పసుపే, కానీ దానికి కథలో కారణం ఉంది.

ఇప్పుడు ఆ పనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. డావిన్సీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో ఉచిత వెర్షన్ ఉంది. ‘లట్’ అనే రెడీమేడ్ ఫైలు తగిలిస్తే క్షణంలో ‘సినిమా లుక్’ వచ్చేస్తుంది. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’లో నమీబియా ఎడారికి అద్భుతంగా నప్పిన నీలం-నారింజ జంట అలాగే మన పెళ్లి వీడియోల్లోకీ దిగింది. ఎడారికి నప్పింది కోనసీమ కొబ్బరితోటకు ఎందుకు నప్పాలి? ఆకులు బూడిదరంగుకు తిరుగుతాయి, మంగళస్నానాల పసుపు కాస్తా నారింజ అవుతుంది. పైగా చామనఛాయ పెళ్లికూతురిని పాలిపోయినట్టు తెల్లబరుస్తారు.

నిజానికి వీడియోకు రంగులు దిద్దే కలరిస్టుల దగ్గర వెక్టర్‌స్కోప్ అనే కొలమానం ఉంటుంది. అందులో చర్మానికి ఒక గీత ఉంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఎవరిదైనా దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది, తేడా ప్రధానంగా ముదురు, లేతల్లోనే. అంటే రంగులు సరిచేయాలంటే ఎవరినీ తెల్లబరచనక్కర్లేదు. పరికరానికి లేని పట్టింపు దాన్ని తిప్పే చేతికి ఉంది.

పెళ్లి వీడియోకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడు డ్రోన్ షాట్లు ఎన్నో అడుగుతారు కదా. అమ్మాయి ఒంటిరంగు మార్చవద్దని కూడా అప్పుడే చెప్పండి.