ఆయుష్షు సంచి చేతిలో లేదు

మలం పట్టే సంచి పొట్టకు పెట్టారని తెలియగానే బంధువులు డాక్టరును పక్కకు పిలిచి అడిగే మాట ఒకటే: "ఇంకెన్నాళ్లు ఉంటారండీ?" అడగాల్సింది సంచి తెప్పించిన జబ్బు గురించి. అది క్యాన్సరైతే ఏ దశలో దొరికింది, కణితి పూర్తిగా తీశారా, కాలేయానికి పాకిందా అన్నవే ఆయుష్షును తేలుస్తాయి. ప్రమాదంలో పేగు చిరిగినవారికి పెట్టే సంచి చాలాసార్లు తాత్కాలికమే, కొన్ని నెలల్లో పేగును మళ్లీ కలిపేస్తారు.

సంచి ఆయుష్షును తేల్చదనడానికి పాత ఉదాహరణే ఉంది. 1793లో ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ పట్టణంలో మలద్వారం లేకుండా పుట్టిన పసికందుకు డ్యూరే అనే సర్జన్ పొట్టమీద మలం పోయే దారి (స్టోమా) చేశాడు. అప్పటికి మత్తుమందు లేదు, యాంటీబయాటిక్ లేదు. ఒంటికి అంటుకునే సంచీ లేదు, ఆ ఆలోచన డెన్మార్క్ నర్సు ఎలీసే సోరెన్‌సన్‌కు తన తోబుట్టువు అవస్థ చూసి తట్టింది 1954లో. ఇవేవీ లేకున్నా డ్యూరే ఆపరేషన్ చేసిన ఆ బిడ్డ 45 ఏళ్లు బతికినట్టు వైద్యచరిత్రలో ఉంది.

అసలు గండాలు వేరే ఉన్నాయి. చిన్నపేగును బయటకు తెచ్చే ఇలియోస్టమీలో మలం పెద్దపేగు దాకా పోదు కాబట్టి అక్కడ ఇంకాల్సిన నీరు, ఉప్పు సంచిలోకి వెళ్లిపోతాయి. రెంటచింతల ఎండలో పొలం పనికి వెళ్లే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. ఉత్త నీళ్లు ఎన్ని తాగినా ఆ లోటు తీరదు, ఓఆర్‌ఎస్ కావాలి. సంచిలోకి రోజుకు లీటరున్నర దాటి వస్తూ, మూత్రం తగ్గితే వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఆలస్యమైతే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. డిశ్చార్జి కాగితంలో ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసిస్తే ఎంత బాగుండును!

రెండోది, స్టోమా ఎక్కడ పెట్టారన్నది. ఆపరేషన్‌కు ముందే రోగిని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చెప్పి చూసి గుర్తు పెట్టాలి. చీర కుచ్చిళ్లు దోపుకునే చోట, లుంగీ ముడి పడే చోట, పొట్ట మడత పడే చోట పెడితే సంచి నిలవదు. కారుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది. ఇక ఆ మనిషి బస్సెక్కడు, పెళ్లికి వెళ్లడు. పూజగదిలోకి వెళ్లొచ్చో లేదోనని గడప దగ్గరే ఆగిపోయే ఆడవాళ్లూ ఉంటారు. సరిగ్గా అంటుకున్న సంచి నుంచి వాసన రాదని వాళ్లకు చెప్పేవారేరీ? ఇలాంటి బతుకులో ఏళ్లు లెక్కపెట్టి లాభమేమిటి?

ఇంత జరుగుతున్నా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో శాశ్వత స్టోమా లేదు. సంచి ఖర్చు మాత్రం జీవితాంతం ఉంటుంది. డబ్బు చాలక ఒక్కో సంచిని రోజుల తరబడి సాగదీస్తే పుండ్లు పడతాయి. పేగు ఆపరేషన్లు చేసే ప్రతి పెద్దాస్పత్రిలో శిక్షణ పొందిన స్టోమా నర్సు ఉండాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకాల రోగులకు ఆపరేషన్‌తో పాటు నెలనెలా సంచీలు కూడా ఉచితంగా చేతికందేలా రెండు తెలుగు ప్రభుత్వాలూ చూడాలి.