ఏమీ లేదని రాసి సంతకం పెట్టడం

2025 సెప్టెంబర్ 10న అట్లాంటిక్ మహాసముద్రంలో పేరున్న తుపాను ఒక్కటీ లేదు. ఇదేం వార్త అనిపిస్తుంది. అక్కడ హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబర్ 30తో ముగుస్తుంది. దశాబ్దాల లెక్కల ప్రకారం అది ముమ్మరంగా ఉండాల్సిన రోజు సరిగ్గా సెప్టెంబర్ 10. అలాంటిది, ఆగస్టు చివర్లో ఫెర్నాండ్ చల్లారాక సెప్టెంబర్ 17న గాబ్రియెల్ పుట్టేదాకా దాదాపు మూడు వారాలు సముద్రం ఖాళీగా ఉండిపోయింది.

టాంపాలో ఉంటున్న మా మేనల్లుడు ఆ రోజుల్లోనే ఫోన్ చేశాడు. అంతకుముందు ఏడాది మిల్టన్ హరికేన్ వస్తోందంటే పిల్లల్నీ పాస్‌పోర్టుల్నీ కారులో వేసుకుని ఊరు దాటినవాడు. "జూన్‌లో కొన్న నీళ్ల కేసులు గరాజ్‌లో అలాగే పడున్నాయి మామయ్యా. ఈసారి వీళ్ల లెక్క తప్పింది. ఎప్పుడు చూసినా ఏమీ లేదు, ఏమీ లేదు అనే. ఆ మాటకి ఓ ఆఫీసు, జీతాలూ!" అని నవ్వాడు.

ఆ ఆఫీసు పేరు నేషనల్ హరికేన్ సెంటర్. మయామీలో ఒక యూనివర్సిటీ ఆవరణలో ఉంటుంది. సీజన్ పొడుగునా రోజుకు నాలుగుసార్లు, వాళ్ల గడియారంలో తెల్లవారుజామున రెండింటికి, ఉదయం ఎనిమిదింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి బులెటిన్ ఇస్తుంది. సముద్రం ఖాళీగా ఉన్న రోజు బులెటిన్‌లో సరుకంతా రెండు లైన్లే: రానున్న ఏడు రోజుల్లో తుపాను ఏర్పడే సూచనలు లేవు. మ్యాపు మీద పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఏ మచ్చా ఉండదు. అయితే చివర్లో మాత్రం ఒక పేరు ఉంటుంది. ఆ పూట డ్యూటీలో ఉండి, ఏమీ లేదని తేల్చిన మనిషి ఇంటిపేరు. నాకు ఆ బులెటిన్‌లో అన్నిటికంటే విలువైనది ఆ చివరి లైనే. ఉందని చెప్పినవాడు తప్పితే జనం కాసేపు తిట్టుకుని ఊరుకుంటారు. లేదని చెప్పినవాడు తప్పితే శవాలు లేస్తాయి.

ఆ రెండు లైన్లు రాయడానికి చూడాల్సింది తక్కువేం కాదు. ఆఫ్రికాలో సహారాకు దిగువన పుట్టే గాలి తరంగాలు మూడు నాలుగు రోజులకొకటి చొప్పున పడమటికి సాగి, కేప్ వెర్డే దీవుల దగ్గర సముద్రంలోకి దిగుతాయి. ఏటా అరవై వరకు వస్తాయి. చాలావాటికి అడ్రసు ఉండదు. పెద్ద హరికేన్లలో మాత్రం నూటికి ఎనభైకి పైగా వీటి సంతానమే. ఉపగ్రహం పది నిమిషాలకొకసారి పంపే చిత్రాల్లో ఏ మేఘాల గుంపు చుట్టూ గాలి సుడి తిరుగుతోంది, సహారా నుంచి ఎగిరొచ్చిన పొడిగాలి ఎంతవరకు పరుచుకుంది, పైన వీచే గాలికీ కింద వీచే గాలికీ తేడా ఎంత అన్నవి చూసుకోవాలి. ఆ తేడా ఎక్కువైతే మేఘాలు నిట్టనిలువుగా ఎదగలేక ఒరిగిపోతాయి. సముద్రం ఎంత కాగినా లాభం ఉండదు.

ఆ సెప్టెంబర్ మొదట్లో అలాంటి తరంగమొకటి ఆఫ్రికా తీరం దాటింది. నిఘా పెట్టాల్సిన వాటికి 90 నుంచి 99 దాకా అంకెలిస్తారు, అయిపోతే మళ్లీ మొదటికొస్తారు. దీనికి 91 తగిలింది. మ్యాపులో రంగు ఎరుపుకెక్కింది. అంటే తుపానయ్యే అవకాశం అరవై శాతం పైమాటే. ఇంకేముంది, పేరు పెట్టడమే తరువాయి అనుకున్నారు. దాన్ని పొడిగాలి చుట్టుముట్టింది. రంగు పలచబడుతూ వచ్చి, కొన్నాళ్లకు ఆ మచ్చే మ్యాపులోంచి పోయింది. నా మటుకు నాకు ఆ కేంద్రం పనితనం గొప్ప హరికేన్ల రోజున కన్నా ఇక్కడే బాగా కనిపిస్తుంది. ఎరుపు రంగు వేసిన చేత్తోనే, పంతానికి పోకుండా, పూటపూటకీ దాన్ని తగ్గించుకుంటూ రావడం తేలికైన పనేం కాదు.

ఖాళీ రోజుల్ని చూసి సీజన్‌కి తీర్పు చెప్పేవాళ్లకు 1992 గుర్తు చేయాలి. ఆ ఏడు మొదటి పేరు పెట్టడానికే ఆగస్టు 17 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పేరు ఆండ్రూ. వారం తిరక్కుండానే మయామీకి దిగువనున్న హోమ్‌స్టెడ్‌ని నేలమట్టం చేసింది. అప్పట్లో కోరల్ గేబుల్స్‌లో ఉన్న హరికేన్ సెంటర్ కప్పు మీది రాడార్‌ని కూడా ఎగరేసుకుపోయింది. 2022 ఆగస్టులో ఒక్క పేరూ పడలేదు. సెప్టెంబర్ 28న ఇయాన్ ఫ్లోరిడా మీద విరుచుకుపడింది. 2024లోనూ ఆగస్టు 20 నుంచి సెప్టెంబర్ 9 దాకా కొత్త పేరు లేదు. ఆ నెలాఖరుకే హెలీన్ సముద్రానికి ఎక్కడో దూరాన, కొండల్లో ఉన్న ఆష్‌విల్‌ని వరదలో ముంచి పోయింది.

ఇలాంటి మౌనాన్ని భరించలేని జాతి ఒకటుంది. అమెరికా వాతావరణ శాఖ కంప్యూటర్ నమూనా పదహారు రోజుల ముందు దాకా మ్యాపులు గీస్తుంది, అదీ రోజుకు నాలుగుసార్లు. పద్నాలుగో రోజున కరీబియన్‌లో ఓ భయంకరమైన సుడి కనపడితే చాలు, స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా పంచుతారు. ఆరు గంటల తర్వాత వచ్చే మ్యాపులో ఆ సుడి ఉండదు. దాన్నెవరూ పంచరు. మన దగ్గర ఇదే పని టీవీ చానళ్లు చేస్తాయి. బంగాళాఖాతంలో ఉపరితల ఆవర్తనం అన్న మాట వినపడగానే "ముంచుకొస్తున్న ముప్పు" అని ఎర్రక్షరాలు. అది అల్పపీడనం కావాలి, వాయుగుండం కావాలి, ఆ తర్వాత కదా తుపాను.

జనం నవ్వులతో, పుకార్లతో పోయే నష్టం కొంతైతే, బడ్జెట్లు రాసేవాళ్లతో వచ్చేది ఇంకో రకం. 2025 మొదట్లోనే అమెరికా వాతావరణ సంస్థల్లో వందల ఉద్యోగాలు పోయాయి. కొన్నిచోట్ల పై గాలుల్ని కొలిచే బెలూన్లు వదలడం తగ్గించారు, మరికొన్నిచోట్ల ఆపేశారు. అక్టోబర్ నెలంతా ప్రభుత్వం మూతపడి, తుపానుల్ని చూసేవాళ్లు జీతాలు అందకుండానే డ్యూటీ చేశారు. మెలిసా వచ్చింది ఆ నెలలోనే. గంటకు 290 కిలోమీటర్లు దాటిన గాలులతో అక్టోబర్ 28 మధ్యాహ్నం జమైకా తీరాన్ని తాకింది. మన గడియారంలో అది రాత్రి పదిన్నర ప్రాంతం. ఆ రాత్రే, మరో గంటా రెండు గంటల్లో, మొంథా తుపాను నరసాపురం దగ్గర మన తీరం దాటింది. మెలిసాతో పోలిస్తే అది చిన్నదే, మన కోతకొచ్చిన వరికి కాదు.

సీజన్ ముగిసేసరికి అట్లాంటిక్‌లో పేర్లు పదమూడు. అమెరికా వాతావరణ సంస్థ ముందస్తు అంచనాలో కింది గీత కూడా అదే. వాటిలో మూడు అయిదో కేటగిరీకి ఎక్కాయి. అమెరికా గడ్డను మాత్రం ఒక్క హరికేనూ తాకలేదు. మా వాడి నీళ్ల కేసులు ఇంకా గరాజ్‌లోనే ఉండి ఉంటాయి. లెక్క తప్పిందని వాడు ఇప్పటికీ అంటాడు. జమైకాలో ఎవరూ అనరు.

మన వాతావరణ శాఖ ఐఎండీ కూడా బంగాళాఖాతం, అరేబియా సముద్రాల మీద రోజూ ఇలాంటి బులెటిన్ ఇస్తుంది. వాయుగుండం పుట్టే అవకాశాన్ని రోజుల వారీగా ఒక పట్టికలో వేస్తుంది. చాలా రోజులు అందులో ఉండేది "నిల్" అన్న మాటే. మన చానళ్లలో ఒక్కటైనా దాన్ని చదవగా నేను వినలేదు. కింద పరిగెత్తే స్క్రోలింగ్‌లో రోజూ ఒక్క లైను వేస్తే వాళ్లకు పోయేదేం లేదు. నవంబర్‌లో డెల్టా రైతు వరి కోసి పనలు చేలో పరిచి ఉంటాడు. తడిపనలు కుప్ప వేస్తే గింజ రంగు మారుతుంది, ఆరేదాకా వదిలేస్తే వాన భయం. ఇంకో నాలుగు రోజులు ఎండనివ్వాలా, ఈ రాత్రికే కూలీలను పిలవాలా అన్నది ఆ "నిల్" చూసుకునే తేల్చుకోవచ్చు.