అరవై దాటాకే బరువులెత్తాలి

హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ ఆర్కే బీచ్‌లోనో తెల్లవారుజామున చేతులూపుకుంటూ నడిచే పెద్దవాళ్లు ఎంతోమంది కనిపిస్తారు. చాలా మంచి అలవాటు. గుండెకూ, షుగరుకూ నడక ఎంతో మేలు చేస్తుంది. కానీ అదే పెద్దాయన ఇంటికొచ్చి సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వస్తోందంటే తొడల్లో కండ తగ్గిపోతోందన్నమాట. దాన్ని నిలబెట్టడానికి నడక ఒక్కటే చాలదు. బరువులెత్తాలి.

ఈ వయసులోనా అని అడిగేవారు 1990లో బోస్టన్‌లో జరిగిన అధ్యయనం గురించి తెలుసుకోవాలి. ఒక వృద్ధుల సంరక్షణాలయంలో ఉంటున్న పదిమందితో డాక్టర్ మరియా ఫియటరోన్ బృందం బరువులెత్తించింది. వాళ్ల సగటు వయసు 90. కుర్చీలో కూర్చుని, బరువుకు ఎదురుగా మోకాలు చాపాలి. విడతకు 8 సార్లు, మూడు విడతలు, వారానికి మూడు రోజులు. మొదట తేలిగ్గానే పెట్టినా, ఒక్కసారికి ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం దాకా తీసుకెళ్లారు. 8 వారాలూ పూర్తిచేసిన తొమ్మిదిమందికి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. ఆపేసిన నాలుగు వారాలకే బలం 32 శాతం పడిపోయింది కూడా.

అదే బృందం 1994లో వందమందితో చేసిన మరో అధ్యయనంలో, వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే తాగినవారికి బలం రాలేదు. అమ్మానాన్నలకు పౌడరు డబ్బా కొనిచ్చి ఊరుకునే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన ఇళ్లలో అత్తగారు నీళ్ల బకెట్ ఎత్తబోతే చాలు, 'మీకెందుకత్తయ్యా, కూర్చోండి' అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ ప్రేమ ఆమెను నీరసపరుస్తోంది. నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారే ఆడవాళ్లకు బరువుల అవసరం మరీ ఎక్కువ. ఆస్ట్రేలియాలో ఎముకల సాంద్రత తగ్గిన మహిళలు శిక్షకుల కళ్లెదుట వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున 8 నెలలు పెద్ద బరువులే ఎత్తారు. వాళ్ల వెన్నెముక సాంద్రత పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామాలు చేసినవారికి తగ్గింది. ఈ ఫలితాలు 2018లో వెలువడ్డాయి.

వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మరి ఎక్కడ చెయ్యాలి? పార్కుల్లోని ఓపెన్ జిమ్ పరికరాల్లో చాలావాటికి బరువు పెంచే వీలుండదు, నేర్పే మనిషీ ఉండడు. మున్సిపాలిటీలు వారానికి రెండు రోజులైనా ఒక శిక్షకుణ్ని అక్కడ పెట్టాలి.

ఈలోగా ఇంట్లో మొదలుపెట్టొచ్చు. గోడకు ఆనించిన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చోవడం, లేవడం. అది సులువయ్యాక రెండు చేతుల్లో రెండు నీళ్ల బాటిళ్లు. ఊపిరి బిగపట్టకూడదు. బీపీ, గుండెజబ్బు ఉంటే ముందు డాక్టరును అడగాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పెద్దవాళ్లకు బీపీ, షుగరు చూస్తున్నారు. అక్కడే ఐదుసార్లు కుర్చీలోంచి లేపి చూడాలి. అందుకు 12 సెకన్లు, అంతకుమించి పడితే కండ బలం తగ్గిందేమోనని అనుమానించాలన్నది ఆసియా నిపుణుల ప్రమాణం. ఈ పరీక్షకు ఒక కుర్చీ, ఒక గడియారం చాలు.