వాట్స్ కాదు బాస్, ముందు పైపు లావు చూడండి

వాక్యూమ్ క్లీనర్ కొనడానికి షాపుకి వెళ్ళినా, ఆన్‌లైన్‌లో వెతికినా ముందు కనిపించేది వాట్స్. 1200, 1400, 1600 అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని కింద కిలోపాస్కల్స్. హోస్ పైపు లావు ఎంత అనేది మాత్రం స్పెసిఫికేషన్స్ చివర్లో ఎక్కడో ఉంటుంది, చాలాసార్లు అసలు ఉండదు. రోబో వాక్యూమ్ రివ్యూల్లో "ఇన్ని వేల పాస్కల్స్" అని గొప్పగా రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని చెక్కలు కోసేవాళ్ళకి, స్పీకర్ బాక్సులు చేసుకునేవాళ్ళకి వాక్యూమ్ మోటార్ వాట్స్ కన్నా పైపు సైజే ముఖ్యం. అలాగని "ఎంత లావైతే అంత మంచిది" అనే లెక్క కూడా కాదు. నేను ఆ లెక్క నమ్మే దెబ్బతిన్నాను.

మనకి బాగా తెలిసిన వస్తువుతో చెప్తాను. మీ దగ్గర 100 వాట్స్ యూఎస్‌బీ-సీ ఛార్జర్ ఉంది, ల్యాప్‌టాప్ కూడా 100 వాట్స్ తీసుకుంటుంది. మధ్యలో 3 యాంపియర్ల కేబుల్ పెట్టారు. ఏమవుతుంది? 20 వోల్టుల దగ్గర 60 వాట్స్ దాటదు. ఛార్జర్‌ని తిట్టుకుని లాభం లేదు. వాక్యూమ్‌లో పైపు అంటే ఆ కేబులే. కాకపోతే ఒక తేడా ఉంది. కేబుల్ అవసరానికి మించి మందంగా ఉన్నా నష్టం లేదు, పైపు మరీ లావైతే నష్టం ఉంది. ఈ ఒక్క తేడా తెలియక నాలుగు వేలు వదిలించుకున్నాను. డబ్బులతో పోతే బాగుండేది.

ఉప్పల్‌లో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్ ఉంది. అందులో 3డీ ప్రింటర్, చిన్న టేబుల్ సా, రౌటర్, ఆర్బిటల్ శాండర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎలక్ట్రిక్ ప్లేనర్ పెట్టుకున్నాను. మానిటర్ స్టాండ్లు, డెస్క్ షెల్ఫులు లాంటివి చేసి ఫ్రెండ్స్‌కి ఇస్తుంటాను. పొట్టు గోల భరించలేక 1400 వాట్స్ వెట్ అండ్ డ్రై వాక్యూమ్ తెచ్చాను. దాంతో వచ్చిన పైపు లోపలి కొలత 32 ఎంఎం.

శాండర్‌కి తగిలిస్తే సూపర్. బల్ల మీద వేలితో రాస్తే దుమ్ము అంటలేదు. అదే ఊపులో ప్లేనర్‌కి తగిలించాను. రెండు నిమిషాలు కూడా కాలేదు, మోటార్ చప్పుడు ఒక్కసారిగా సన్నబడి కీచుమంది. చూస్తే పైపు మూతి దగ్గర చిత్రిక పొట్టు అంతా పిచ్చుక గూడులా ఉండకట్టింది. ఇనుప చువ్వతో పొడిచి తీశాను. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఇరుక్కుంది.

ఆ కీచు శబ్దం గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది. గాలి దారి మూసుకుపోతే మోటార్ కష్టపడుతోంది అనుకుంటాం కదా, నిజానికి రివర్స్. లాగడానికి గాలి లేకపోతే ఫ్యాన్ మీద లోడ్ తగ్గి ఇంకా వేగంగా తిరుగుతుంది. అందుకే ఆ కీచు. పైపు తీసేసి ఒకసారి, తగిలించి ఒకసారి మిషన్ ఆన్ చేసి వినండి. రెండు శబ్దాల మధ్య తేడా బాగా ఎక్కువ ఉందంటే మీ పైపు మిషన్ గొంతు నొక్కుతోందన్నమాట.

సరే, సన్నగా ఉంటే ఇరుక్కుంటుంది కాబట్టి లావుగా పెడదాం అనుకున్నాను. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ వర్క్‌షాపులు చూస్తే గోడ పొడవునా 4 అంగుళాల పైపులు కనిపిస్తాయి. వెంటనే రాణిగంజ్ వెళ్ళి 110 ఎంఎం పీవీసీ పైపులు, ఎల్బోలు, క్లాంపులు కొన్నాను. మూడు మిషన్లకి మూడు లైన్లు వేసి, ఒక్కోదానికి ప్లైవుడ్‌తో గేటు చేశాను. ఫోటో ఇన్‌స్టాలో పెడితే లైకులు బాగానే వచ్చాయి.

మా వీధి చివర వడ్రంగం చేసే అన్న చూసి, "తమ్మీ, గింత లావు పైపు పెట్టినవ్, నీ మిషన్‌కి దమ్ము సరిపోతదా?" అన్నాడు. "1400 వాట్స్ అన్నా" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మూడు వారాల తర్వాత మా నాన్న అడిగారు, "ఏరా, ఆ మిషన్ పెడితే దుమ్ము ఉండదన్నావు, నాకేమో దగ్గు ఎక్కువైంది." నాన్నకి ఆస్తమా. ఆయన గది కిటికీ షెడ్ వైపే ఉంటుంది. ఆ కిటికీ అంచు మీద సన్నటి పసుపు రంగు పొడి చూశాక గానీ నాకు వెలగలేదు. షెడ్‌కి వెళ్ళి ఒక ఎల్బో ఊడదీస్తే పైపు సగం వరకు పొట్టే. పొట్టు కదలడం లేదు, గేట్ల దగ్గర గాలి లీకవుతోంది, టూల్ దగ్గర లాగాల్సిన గాలి లేక సన్నటి దుమ్మంతా షెడ్‌లోనే తేలుతోంది. ఈ మూడు వారాలూ వాక్యూమ్ ఉంది కదా అన్న ధైర్యంతో నేను మాస్క్ కూడా మానేశాను.

ఇప్పుడు లెక్క చూద్దాం, చాలా చిన్నది. చెక్క పొట్టు పైపులో కింద పడకుండా ప్రయాణించాలంటే గాలి వేగం సెకనుకి సుమారు 20 మీటర్లు ఉండాలని డక్ట్‌లు డిజైన్ చేసేవాళ్ళు చెప్తారు. వాళ్ళ భాషలో నిమిషానికి 4000 అడుగులు. మన వాక్యూమ్ 100 సీఎఫ్ఎం గాలి లాగుతుందనుకుందాం. 100 ఎంఎం పైపులో ఆ గాలి వేగం సెకనుకి 6 మీటర్లు. అంతే! 63 ఎంఎంలో 15 మీటర్లు. 50 ఎంఎంలో 24. 38 ఎంఎంలో 42. పైపు వ్యాసం రెట్టింపైతే లోపలి వైశాల్యం నాలుగు రెట్లవుతుంది కాబట్టి వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. 4 అంగుళాల పైపులో 20 మీటర్ల వేగం రావాలంటే సుమారు 350 సీఎఫ్ఎం కావాలి. అది వాక్యూమ్ క్లీనర్ పని కాదు, డస్ట్ కలెక్టర్ అనే వేరే మిషన్ పని. వాక్యూమ్ కొంచెం గాలిని గట్టిగా లాగుతుంది, డస్ట్ కలెక్టర్ చాలా గాలిని మెల్లగా లాగుతుంది. అమెరికా వీడియోల్లో ఆ లావు పైపుల చివర ఉన్నది ఆ రెండోది. నేను పైపు చూశాను, చివర ఏముందో చూడలేదు.

మరి సన్నటి పైపులో వేగం ఎక్కువ కదా, అదే పెట్టేయొచ్చుగా అంటారా? అక్కడ రాపిడి అడ్డమొస్తుంది. ఒకే పరిమాణం గాలికి, పైపు సన్నబడేకొద్దీ రాపిడి వల్ల పోయే ఒత్తిడి దాదాపు వ్యాసం అయిదో ఘాతంలో పెరుగుతుంది. 38 నుంచి 32 ఎంఎంకి దిగితే, అంటే కేవలం 6 ఎంఎం తేడాకే, నష్టం రెండింతలు దాటుతుంది. 48 నుంచి 32కి దిగితే ఏడు రెట్లు పైనే. కాబట్టి సన్నటి పైపులో ఆ 100 సీఎఫ్ఎం రానే రాదు. పైగా పొడవు రెట్టింపైతే రాపిడి కూడా రెట్టింపు. లోపల గరుకు వలయాలున్న పైపు అయితే ఇంకా ఎక్కువ. డబ్బా మీద కిలోపాస్కల్స్ సంఖ్య గాలి దారి పూర్తిగా మూసేసి కొలిచింది. అంటే గాలే కదలనప్పటి సంఖ్య. పొట్టు కదలాలంటే గాలి కదలాలి కదా.

ఇదంతా దుమ్ము తుడుచుకునే బద్ధకం గురించి అయితే ఇంత రాసేవాడిని కాదు. చెక్క దుమ్ముని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో, గ్రూప్ 1లో పెట్టింది. కంటికి కనిపించే పొట్టు నేల మీద పడుతుంది, చీపురుతో ఊడ్చేయొచ్చు. కనిపించనిదే గంటల తరబడి గాలిలో ఉండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనం ఎక్కువగా వాడే ఎండీఎఫ్ షీటైతే దుమ్ము మరీ సన్నగా వస్తుంది, అందులో జిగురు కూడా కలిసి ఉంటుంది. ఆస్తమా ఉన్న మనిషి పక్క గదిలో ఉంటే మీరు పైపు సైజులో చేసిన తప్పు ఎవరికి తెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా సెటప్ ఇది. మిషన్ మూతి 50 ఎంఎంకి సరిపోతుంది కాబట్టి మెయిన్ పైపు 50 ఎంఎం, 3 మీటర్లే. ప్లేనర్‌కి, టేబుల్ సాకి అదే నేరుగా. మధ్యలో మూత ఉన్న బకెట్‌తో సైక్లోన్ పెట్టాను, లావు పొట్టు అందులోనే పడిపోతుంది, ఫిల్టర్ త్వరగా మూసుకుపోదు. శాండర్ వాడేటప్పుడు ఆ 50 పైపు చివర ఒకటిన్నర మీటరు 27 ఎంఎం పైపు కలుపుతాను. దూరమంతా లావు పైపు, చివరి ముక్క మాత్రమే సన్నం. దీనివల్ల రాపిడి తక్కువ, చేతికి బరువూ తక్కువ. శాండర్ దుమ్ము సన్నగా ఉంటుంది కాబట్టి 27లో ఇరుక్కోదు. ఎలాగూ శాండర్ మూతే అంత సన్నగా ఉన్నప్పుడు దానికి 63 ఎంఎం పైపు కట్టి ఉపయోగం లేదు, బరువు తప్ప. ఫెస్టూల్ లాంటి కంపెనీ 27, 36, 50 ఎంఎం అని మూడు సైజుల్లో హోస్‌లు ఎందుకు అమ్ముతుందో నాకు అప్పుడర్థమైంది. అంతకుముందు యాక్సెసరీల పేరుతో డబ్బులు గుంజడం అనుకునేవాడిని.

ఒకటే పైపు కొనగలను, అన్నిటికీ అదే వాడాలి అంటే 35 నుంచి 38 మధ్యలో తీసుకోండి. కార్చర్ డబ్ల్యూడీ సిరీస్ లాంటి హోమ్ మోడల్స్ 35లో ఉండేది ఊరికే కాదు. ప్లేనర్ వాడేవాళ్ళు మాత్రం ఈ సలహా వదిలేసి 50కి వెళ్ళండి. చిన్న మోటార్‌కి 63 పెట్టమని ఎవరైనా చెప్తే నమ్మకండి.

కొనేటప్పుడు ఇంకో తలనొప్పి ఉంది, కొలతల పేర్లు. ఒకరు లోపలి కొలత చెప్తారు, ఒకరు బయటిది, ఇంకొకరు చివర ఉండే రబ్బరు మూతిది. అమెరికా వాళ్ళవి 1¼, 1⅞, 2½ అంగుళాలు. మన పీవీసీ పైపుల ఎంఎం కొలత బయటి వ్యాసం. షాపులో "రెండు అంగుళాలు" అంటే చేతికొచ్చేది 63 ఎంఎం పైపు, దాని లోపలి కొలత వేరు. నేను ఆన్‌లైన్‌లో "35 ఎంఎం" అని చూసి తెప్పించిన ఒక హోస్ లోపల కొలిస్తే 29 వచ్చింది! అమ్మినవాడిని అడిగితే అది బయటి కొలత సార్ అన్నాడు. అందుకే వెర్నియర్ కాలిపర్ జేబులో పెట్టుకుని రాణిగంజ్ వెళ్ళడం నయం. కాస్త వింతగా చూస్తారు, అంతే.

3డీ ప్రింటర్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, అడాప్టర్ కోసం తిరగక్కర్లేదు. మూతికి ఒక డిగ్రీ వాలు ఇస్తే బిగుతుగా కూర్చుంటుంది. లోపల లావు నుంచి సన్నానికి మారే చోట మెట్టులా కాకుండా గరాటులా జారుగా గీయండి, మెట్టు ఉంటే మొదటి పొట్టు అక్కడే ఆగుతుంది. పీఎల్ఏ వద్దు, పీఈటీజీ వాడండి. మే నెలలో రేకుల షెడ్ కింద నా మొదటి పీఎల్ఏ అడాప్టర్ కోడిగుడ్డు ఆకారంలోకి మారిపోయింది.

ఫోన్ రిపేర్ బల్ల మీద కూడా ఇదే వాక్యూమ్ వాడొచ్చా అని అడుగుతారని తెలుసు. వద్దు. పొడి దుమ్ము ప్లాస్టిక్ పైపులో రాసుకుంటూ పోతే స్టాటిక్ పుడుతుంది. చెక్క పని చేసేటప్పుడు చేతికి చురుక్కుమంటుంది, అంతే. కానీ విప్పిన మదర్‌బోర్డ్ దగ్గర అదే ఐసీ ప్రాణం తీయొచ్చు. యాంటీ స్టాటిక్ హోస్ ఉండి, దానికి ఎర్తింగ్ సరిగ్గా ఉంటే వేరే సంగతి. లేకపోతే బ్రష్‌తో తుడుచుకోవడమే బెటర్.

నాన్న కిటికీ అంచు ఇప్పుడు వారానికోసారి నేనే తుడుస్తున్నాను, గుడ్డకి ఏమైనా అంటుతుందేమో చూడటానికి. మాస్క్ కూడా మళ్ళీ పెడుతున్నాను. ఆ 110 ఎంఎం పైపులు వేస్ట్ కాలేదు, మేడ మీద వాన నీళ్ళు ఇంకుడు గుంతలోకి దింపడానికి పనికొచ్చాయి. వాటిని బిగించేటప్పుడు సాయం పట్టింది ఆ వడ్రంగి అన్నే. ఈసారి కూడా నవ్వాడు.