ఇవాళేముంది?

బందరు రోడ్డు మీద కంకిపాడు దాటితే ఉయ్యూరు వచ్చేదాకా రెండు పక్కలా వరే. ఆ చేల గట్టు మీదే వెలసిన ఫ్యామిలీ రెస్టారెంట్లకు మాత్రం ఆషాఢానికీ మాఘానికీ తేడా తెలియదు. ఏ నెలలో వెళ్ళినా అదే పనీర్ బటర్ మసాలా, అదే చికెన్ మంచూరియా, అదే కుండ బిర్యానీ. కిటికీలోంచి కనిపిస్తున్న పంటకూ పళ్ళెంలో ఉన్న తిండికీ చుట్టరికం తెగిపోయింది. కృష్ణా డెల్టాకు ఇది తగని పని అని మా అభిప్రాయం. సాహిత్య పత్రికకు ఈ గొడవ ఎందుకంటారా? అన్నం సంగతి మన కవులు ఎన్నడూ చిన్నదనుకోలేదు. ఓరుగల్లు పూటకూటింట ఒక్క రూకకు ఎంత కమ్మని భోజనం దొరికేదో క్రీడాభిరామం చెప్పింది. బొడ్డుపల్లెను గుత్తకు తీసుకుని చితికిపోయిన శ్రీనాథుడి పేర చెప్పుకునే పద్యంలో కొంత పంట కృష్ణ వరద పాలైతే, నువ్వులూ పెసలూ పిట్టల పాలయ్యాయి. దాదాపు ఆరువందల ఏళ్ళ కిందట ఈ ఒడ్డున ఏం పండేదో ఒక కవి కష్టంలోంచే మనకు తెలిసింది.

డెల్టా తిండికి పంచాంగం కాలువే. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేశాక గానీ ఆనకట్ట ఆలోచన గట్టిపడలేదు. 1852లో మొదలై 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1952లో దానికి గండి పడింది, 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ నిలబడింది. అప్పటినుంచీ ఇప్పటిదాకా ఇక్కడి వంటిల్లు చూసేది ఆకాశాన్ని కాదు, కాలువలు ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు కట్టేస్తారు అన్నదాన్నే. కొత్తనీటికి చేప ఎదురెక్కుతుంది. ఊడ్పులప్పుడు ఒక తిండి, కోతలప్పుడు మరొకటి. కాలువ కట్టేసే రోజులకు చింతచిగురు, ముంజెలు, ఆవకాయ, నూజివీడు రసాలు.

మినుము కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి. సార్వా వరి కోతకు మూడు నాలుగు రోజుల ముందు, చేను ఇంకా నిలబడి ఉండగానే, రైతు పదునుగా ఉన్న మడిలో మినుములు వెదజల్లుతాడు. గింజ కంకుల మధ్య నుంచి జారి బురదకు అతుక్కుంటుంది. కోత కోసి పనలు తీసేసరికి మోడుల మధ్య రెండాకుల మొక్క తలెత్తి ఉంటుంది. దున్నడం లేదు, తడి పెట్టడం లేదు. నేలలో మిగిలిన చెమ్మా, పుష్యమాసపు మంచూ దాన్ని గట్టెక్కిస్తాయి. ఎనభై రోజులకు పంట చేతికొస్తుంది. ఆ గింజను రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు కొంచెం ఉండగానే రుబ్బి, మూకుట్లో పోసి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చిన దిబ్బరొట్టె తిన్నవారికి ఈ నేల రుచి వేరే చెప్పనక్కర్లేదు. అదే మినుమును దోరగా వేయించి, విసిరి, బెల్లమూ నెయ్యీ కలిపితే సున్నుండ.

ఈ పైరు ఇప్పుడు వెనకపట్టు పట్టింది. కోతమిషన్లు వచ్చాక వాటి చక్రాల కింద లేతమొక్క నలిగిపోతోంది. పల్లాకు తెగులు ఏటా భయపెడుతోంది. చాలామంది దున్నకుండానే మొక్కజొన్న పెట్టుకుంటున్నారు. రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, గిట్టేది వేసుకుంటాడు. కానీ ఈ చేలో పండిన మినుముతోనే ఇడ్లీ వేస్తామని, గారె వండుతామని పట్టుబట్టి పది రూపాయలు ఎక్కువ పెట్టి కొనే హోటళ్ళు చుట్టుపక్కల ఉంటే ఆ లెక్క ఇంకోలా ఉండేది. గాంధీనగర్ బాబాయ్ హోటల్ 1940ల నుంచి ఇడ్లీ మీద వెన్న వేసి పెడుతూ ఊరికి పేరు తెచ్చింది. ఒక్క ఇడ్లీకి అంత పేరు రాగా లేనిది, పక్క ఊరి పంటకు ఎందుకు రాకూడదు?

చేపల విషయం మరీ బాధ కలిగిస్తుంది. కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాలుకూ అస్సాముకూ పోతున్నాయి. పోనివ్వండి, అది వ్యాపారం. కానీ కొల్లేటిలో, పంట బోదెల్లో సహజంగా దొరికే కొర్రమీను, బొమ్మిడాయి, చేదుపరిగె ఏమయ్యాయి? కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టించారు. ఇవన్నీ కాగితాల మీద ఉన్న సంగతులు. బొమ్మిడాయిని పెద్దవాళ్ళు ఎలా వండేవారన్నది మాత్రం ఏ కాగితం మీదా లేదు. బూడిదా రాళ్ళ ఉప్పూ వేసి గరుకు రాతి మీద జిగురు పోయేదాకా తోమాలి. మట్టిచట్టిలో చింతపులుసు బాగా మరిగాకే ముక్కలు వేయాలి. తర్వాత గరిటె పెట్టకూడదు, చట్టిని గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. రాత్రి దించి మర్నాడు వేడన్నంలోకి వడ్డించాలి. ఇంత ఓపిక ఉన్న వంటవాడికి ఏ రెస్టారెంటు జీతమిస్తుంది? ఏ నెలలో పడితే ఆ నెలలో దొరకని చేపను అట్ట వేసిన మెనూ కార్డులో ఎలా అచ్చేస్తారు?

ఇంగ్లండు పల్లెలకూ ఈ చిక్కు వచ్చింది. పెద్ద బీరు కంపెనీల గుప్పిట్లో ఉన్న పబ్బుల మీద 1989లో ప్రభుత్వం ఆంక్షలు పెట్టడంతో వేలకొద్దీ పబ్బులు చేతులు మారాయి. 1991లో లండన్ ఫారింగ్డన్ రోడ్డులో డేవిడ్ ఐర్, మైక్ బెల్బెన్ అనే ఇద్దరు 'ది ఈగిల్' అనే పాత పబ్బును తీసుకుని, బారు పక్కనే అందరూ చూస్తుండగా వంట మొదలుపెట్టారు. ఆ రోజు వండేదేమిటో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవారు. వారి వంట మధ్యధరా తీరపుదే అయినా ఆ పద్ధతి పల్లె పబ్బులకు బాగా కుదిరింది. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా ఆస్పరాగస్, అక్టోబరు నుంచి ఫెజెంట్ అనే వేటపక్షి, చుట్టుపక్కల పాడి నుంచి వెన్నా జున్నూ. 2001లో హెరఫర్డ్‌షైర్‌లోని టిట్లీ అనే చిన్న ఊళ్ళో స్టాగ్ ఇన్‌కు మిషెలిన్ నక్షత్రం దక్కింది. పబ్బుకు అది దక్కడం అదే మొదటిసారి.

మనం పబ్బుల దారిన వెళ్ళనక్కర్లేదు. దూబగుంట ఆడవాళ్ళు కదిలి 1993లో సారాను ఆపించిన రాష్ట్రం ఇది. కల్లుపాకకూ కుటుంబానికీ మధ్య మన దగ్గర ఉన్న దూరం వేరు. మన దారి పూటకూళ్ళ ఇంటి దారి. దాని వారసులు ఇప్పటికీ ఉన్నారు: మెస్సులు, పాకహోటళ్ళు, విజయవాడ సందుల్లోని కర్రీ పాయింట్లు. తెల్లవారుజామున పటమట రైతుబజారులో ఏది లేతగా, చవగ్గా ఉంటే అదే తెచ్చి వండే కర్రీ పాయింటు యజమానురాలు ఈ ఊళ్ళో ఋతువును అన్నంలోకి తెస్తున్న మనిషి. ఆమెను ఎవరూ పాకశాస్త్ర నిపుణురాలనరు. అనాలి.

పాత వంట హోటలుకెక్కితే బతుకుతుందనడానికి ఉలవచారే రుజువు. ఎడ్లకు పెట్టడానికి ఉడకబెట్టిన ఉలవల కట్టును చింతపండు పులుసుతో చిక్కబడేదాకా కాచింది అది. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయినా, పెళ్ళిళ్ళూ హోటళ్ళూ ఆ చారును నిలబెట్టాయి. మీగడ వేసుకుని తింటున్నవారిలో ఎడ్ల కొట్టం చూడనివారే ఎక్కువ. అయినా సంతోషమే.

హోటలువాళ్ళను మేం కోరేది పెద్దదేం కాదు. రెండొందల వంటకాల కార్డు అలాగే ఉంచండి. గుమ్మంలో ఒక పలక పెట్టి, ఇవాళ మన ఊరి పొలంలోంచి, కాలువలోంచి వచ్చినవి నాలుగు రాయండి. కందా బచ్చలీ కావచ్చు, చింతచిగురు రొయ్యలు కావచ్చు. అయిపోతే చెరిపేయండి. లేదని చెప్పడానికి మొహమాటపడకండి. లేదంటే విసుక్కోకుండా ఉండడం తినేవాళ్ళు నేర్చుకోవాలి, 'ఇవాళేముంది?' అని అడగడమూ నేర్చుకోవాలి. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది ఈ ఘాట్లలో మునిగి ఆకలితో గట్టెక్కుతారు. వాళ్ళకు డెల్టా అన్నం పెట్టగల వంటశాలలను డ్వాక్రా సంఘాల చేత ఇప్పటినుంచే సిద్ధం చేయించే పని ప్రభుత్వం తలకెత్తుకోవాలి.

మా వంతు పనికీ పూనుకుంటున్నాం. దివిసీమ నుంచి గుడివాడ దాకా, ఆవల తెనాలి, రేపల్లె, బాపట్ల దాకా మీ ఊరి వంటలను మాకు రాసి పంపండి. చేప పేరు మీ ఊళ్ళో పిలిచేదే రాయండి. కొలతలు చెంచాల్లో అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినట్టే ఉంచండి. అది ఏ నెలలో వండుతారో, కాలువలో నీళ్ళుండగానా కట్టేశాకనా అన్నది మాత్రం తప్పకుండా చేర్చండి.